తొమ్మిది ప్రశ్నలకు తొమ్మిది సున్నాలు

సూరత్‌లో నా ఉద్యోగం జనాన్ని వాళ్ల ఊపిరి గురించి విసిగించడం. ఆసుపత్రి కాగితాల్లో దానికి ఓ పెద్ద పేరుంది, పరిశోధన సమన్వయకర్త అని. ఆ పేరు విని మా అమ్మ చుట్టుపక్కల వాళ్లందరికీ నేను డాక్టరైపోయానని చెప్పుకుంది. నేను చేసేదల్లా వారానికోసారి ఫోన్ చేసి, అవే తొమ్మిది ప్రశ్నలు అడిగి, గళ్లలో అంకెలు వేయడం. ఇబ్బంది లేకపోతే సున్నా, మరీ ఎక్కువైతే మూడు.

జబ్బు మాత్రం వేళాకోళం కాదు. ఊపిరితిత్తులు లోపల మచ్చలు కట్టి, ఎండిన బీరకాయ పీచులా గట్టిపడిపోతాయి. గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదు. మందులు దాని వేగాన్ని కాస్త తగ్గిస్తాయి, అంతే. మరి ఉన్న ఊపిరితోనే మనిషి ఇంట్లో కొంచెం సుఖంగా బతకాలంటే ఏం చేయాలి, వారం వారం పలకరిస్తే ముప్పును ముందే పసిగట్టొచ్చా అన్నది మా డాక్టరమ్మ పరిశోధన. జవాబులు వరసగా రెండు వారాలు చెడితే మనిషిని వెంటనే పిలిపించి పరీక్ష చేయాలి. అవసరమైతే ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ ఇవ్వాలి. ఆ మిషన్లు మా దగ్గర ఉన్నవే కొన్ని.

తెలుగువాళ్లందరూ నా వంతు. మా నాన్న బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని గోదావరి పక్కనుంచి తెచ్చి ఇక్కడ పడేసింది కాబట్టి నాకు తెలుగు వచ్చునని డాక్టరమ్మ నమ్మకం. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే తెలంగాణవాళ్లకి నా తెలుగు టీవీ వార్తల్లా వినిపిస్తుందని ఆవిడకేం తెలుసు?

అలా నా వంతుకొచ్చిన వాళ్లలో ఒకాయన ముప్పై ఏళ్లకు పైగా సాంచాలు నడిపి, దగ్గు మొదలయ్యాక మానేసిన మనిషి. భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. సంతకానికి ముందు పన్నెండు పేజీల అంగీకారపత్రం నేను చదివి వినిపించాలి. రెండో పేజీకే ఆమె ఆవులించింది.

"ఏంది బిడ్డా, గిదంత అయ్యగారి మంత్రం లెక్కున్నది. యాడ పెట్టాల్నో చెప్పు, పెడ్తడు."

ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఊపిరి పరీక్షకని వసారాలో ఆరు నిమిషాలు నడిపించాం. నడిచాడు, దగ్గాడు, నాతో రెండు మాటలు కూడా మాట్లాడాడు. అప్పటికి గొంతు బాగానే ఉంది.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఎప్పుడు చేసినా ఆమే ఎత్తేది.

"పిన్నిగారూ, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందా?"

"రాదు బిడ్డా."

"మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా?"

"ఆగడు. పొద్దుందాక ముచ్చట వెడ్తనే ఉంటడు. లొల్లి మనిషి."

"ఆయన్నే చెప్పమనండి."

"చెప్తున్నడు గద! మంచిగున్న అంటున్నడు."

నాకు ఆయన వైపునుంచి ఏమీ వినపడేది కాదు. తల ఊపుతున్నాడేమో అనుకున్నాను. మొదటి రెండు మూడు వారాలు ఫోన్ ఆయనకిమ్మని పోరుపెట్టాను. తర్వాత నాకే విసుగొచ్చింది. ఆ పూట ఇంకా పదకొండు మందికి చేయాలి, చాయ్ చల్లారిపోతోంది. తొమ్మిది సున్నాలు వేసి, కింద 'రోగి స్వయంగా చెప్పారా' అన్న గడిలో టిక్కు కొట్టేదాన్ని. నా కాగితాల్లో ఒక్క ఖాళీ గడి ఉండదని డాక్టరమ్మ అందరిముందూ మెచ్చుకుంది కూడా. నా బొంద మెప్పు.

వానలు వెళ్లాక ఆవిడ ఆ సున్నాలు చూసి, ఈయన నిలకడగా ఉన్నాడు, వారానికి కాదు మూడు నెలలకోసారి చేస్తే చాలంది. దానికీ ఓ సంతకం కావాలట. ఆ కాగితం పట్టుకుని నవాగామ్ బస్తీలో వాళ్ల గదికి వెళ్లాను. వెళ్లేసరికి ఆమె కింద కూర్చుని చీరకి మెరిసే రాళ్లు అతికిస్తోంది. ఆయన తలుపు పక్కన మంచం మీద ఉన్నాడు. ఇల్లు చూడగానే ఒక సంగతి తెలిసింది. మెట్లే లేవు. ఎక్కితే కదా ఆయాసం రావడానికి!

ఆయన నన్ను చూసి పెదవులు కదిపాడు.

"కూసోమంటున్నడు," అంది ఆమె. ఆయన మళ్లీ కదిపాడు. ఆమె ఫక్కున నవ్వింది. "పిల్ల సన్నగైంది, ఏమన్న తినవెట్టు అంటున్నడు."

నన్ను సన్నగా ఉన్నానన్న మొదటి మగవాడు ఆయనే. సంతోషించే తీరిక లేకపోయింది. మంచం పక్కనే నిలబడ్డాను, అయినా నాకు ఒక్క అక్షరం వినపడలేదు.

"పిన్నిగారూ, ఆయన గొంతేదీ?"

"గొంతేంది? మాట్లాడుతున్నడు గద."

"నాకు వినబడట్లేదండీ."

"నాకు ఇనబడుతున్నది," అంది ఆమె, నా చెవులకేమైనా రోగమొచ్చిందా అన్నట్టు చూస్తూ.

అప్పుడు చెప్పింది. సాంచాల షెడ్డులో ఆ మోతకి పక్కవాడు అరిచినా వినపడదు. అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆయన సాంచాలు నడిపేవాడు, ఆమె అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. పెళ్లయిన కొత్తల్లో పోట్లాటలు కూడా అలాగే పెట్టుకున్నారట. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. గొంతు పెట్టి మాట్లాడటం బయటివాళ్ల కోసం. ఆయన బయటికి వెళ్లడం మానేసి నెలలైంది.

"బాబాయిగారూ, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, ఆ ఊపిరితోనే నాకు వినపడేలా అంకెలు లెక్కపెట్టండి," అన్నాను.

ఆయన పీల్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే. నాలుగు కూడా గరగరమంటూ సగమే వచ్చింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, పెదవులు నీలంగా మారాయి.

ఆమె చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. "గిదేంది? గిదేం గొంతు? గిట్ల ఎప్పుడైంది నీకు? నాకు చెప్పొద్దా ముసలోడా!" అని కేకేసింది. ఆయన పెదవులతో ఏదో అన్నాడు. ఆ ఒక్క మాట ఆమె నాకు చెప్పలేదు.

తర్వాత నావైపు తిరిగింది. "వారం వారం ఫోన్ జేస్తివి గద బిడ్డా. ఒక్కపారన్న ఈయన గొంతు ఇన్నవా?"

ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

తిరిగొస్తూ ఆటోలో ఒక దొంగ ఆలోచన చేశాను, చేయలేదంటే అబద్ధం. ఈ వారం, పై వారం మూడులు వేసేస్తే మిషన్ దానంతటదే వస్తుంది. నా ఉద్యోగమూ ఉంటుంది. కానీ ఆ భుజాలు రెండు వారాలు ఆగేలా లేవు. నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, ఆ టిక్కులన్నీ దొంగవి అని చెప్పేశాను. ఆవిడ గుజరాతీలో తిట్టింది. బాగా తిట్టింది. ఆ నోటితోనే బండి పంపించమని ఫోన్ చేసింది.

మర్నాడు పరీక్ష చేస్తే ఆయన రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంది. వానల్లోనే తెలిసుంటే ఇన్నాళ్లూ ఆయనకు ఈ పాట్లుండేవి కాదంది ఆవిడ. మిషన్ ఊపిరి అందిస్తుందే గానీ కట్టిన మచ్చల్ని చెరపదు. నన్ను తీసేయలేదు, ఆ ఫోన్లు చేసేవాళ్లు ఇంకెవరూ దొరకరు మరి. సున్నాలన్నీ ఒక్కొక్క గీతతో కొట్టేసి, పక్కన నా సంతకం పెట్టమంది. ఒక పూటంతా పట్టింది. పదో ప్రశ్న కూడా చేర్చింది. ఇకమీదట రోగి ఫోన్‌లో స్వయంగా, ఒక్క ఊపిరితో అంకెలు లెక్కపెట్టాలి.

మిషన్ బిగించిన రోజు నేనూ వెళ్లాను. ముక్కులో గొట్టం పెట్టుకుని ఆయన అరగంట కూర్చున్నాడు. పెదవుల నీలం కాస్త తగ్గింది. లెక్కపెట్టమన్నాను. ఈసారి తొమ్మిది దాకా వచ్చాడు. నేను చప్పట్లు కొట్టబోయాను.

"అంకెలు చాలు తియ్యి," అంది ఆమె. "జర నన్ను పిలువు."

ఆయన తెల్లబోయాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమెను పేరుపెట్టి పిలిచిన మనిషి కాదు. షెడ్డులో భుజం తట్టేవాడు, ఇంట్లో చెయ్యి ఊపేవాడు. నావైపు చూసి సిగ్గుపడ్డాడు. తర్వాత ఊపిరి పీల్చి, వాకిట్లోకి వినపడేంత గట్టిగా ఆమె పేరు పిలిచాడు. ఆ పేరు నేనిక్కడ రాయను.

"ఎవల్నో పిలిచిండనుకున్న," అని నవ్వింది ఆమె. నవ్వుతూనే ఏడ్చింది, కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. "ఇంకోపారి."

ఆయన పెదవులు కదిపాడు.

"గట్ల గాదు. ఇనబడాలె."

ఆయన ఊపిరి కూడదీసుకునేదాకా మేమిద్దరం ఆగాం.