ఫ్రాన్సు హోటల్ పద్ధతి

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నేను ఫ్రాన్సు దేశంలో భోంచేశాను. వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున, మా ఇంటి వెనక తాటాకు పందిరి కింద, బోర్లించిన పడవ మీద. నవ్వకండి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ భోజనం పెట్టింది మా చిన్నతాత.

ఆయన మా తాతకి తమ్ముడు. మద్రాసులో ఓడెక్కి దేశాలు తిరిగేవాడు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వచ్చి నెల్లాళ్ళు ఉండేవాడు. ఉన్నన్నాళ్ళూ పనేమీ ముట్టుకునేవాడు కాదు, కూర్చుని కథలు చెప్పేవాడు. సగం కళ్ళు మూసుకుని ఆయన చెబుతుంటే బయట అలల చప్పుడు కూడా ఆ కథలోదే అనిపించేది నాకు.

ఆ ముందురోజు నేనొక పాడుపని చేశాను. వాకాడులో మా టీచరమ్మ వాళ్ళింట్లో వంజరం ముక్క వేపుడు తిని వచ్చాను. అది మా నాన్న పట్టే చేపే, కానీ మా ఇంటి గడప తొక్కేది కాదు. మంచి చేపంతా ఒడ్డు మీదే బేరమై గూడూరు వెళ్ళిపోయేది. వల అడుగున మిగిలిన ముళ్ళ చేపలు, కాళ్ళు విరిగిన పీతలు మా పులుసు కుండలోకి వచ్చేవి. సాయంత్రం అమ్మ ఆ పులుసు వడ్డించగానే కంచం తోసేసి, "ఎవురూ కొననిదంతా మాకు పెడతావు, నాకొద్దీ చెత్త" అన్నాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. కుండ మీద మూతపెట్టి, వెళ్ళి చిరిగిన వల ముందేసుకుని కూర్చుంది. తనూ తినలేదు. తెల్లారాక కూడా నాతో మాట్లాడలేదు. నాకు లోపల భయంగా ఉంది, కానీ మొండిదాన్ని, తప్పయిందని నోరు పెగల్లేదు.

చిన్నతాత ఇదంతా చూశాడు. మర్నాడు మధ్యాహ్నం నాన్న సముద్రం మీదికి వేటకి పోయి ఉండగా తన తెల్లపంచె తెచ్చి, బోర్లించిన పడవ మీద ముడతల్లేకుండా పరిచాడు. నన్ను కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకో పాపా, ఫ్రాన్సుకొచ్చినాం" అన్నాడు.

అక్కడ సముద్రం పక్కనే ఒక హోటలుందట. అందులో దొరలు కూడా వరస కట్టి తినేది చేపల పులుసేనట. అది మొదట్లో జాలర్లు రాళ్ళ సందుల్లో దొరికే, అమ్ముడుపోని చేపల్ని ఒడ్డు మీద కాచుకున్న పులుసట. ముందు ఉత్త పులుసు ఇస్తారట, వెల్లుల్లి రుద్దిన కరకరలాడే రొట్టెముక్కలతో. ఆ తర్వాత చేపని పళ్ళెంలో పెట్టి తెచ్చి చూపించి, అప్పుడు ముక్కలు చేసి వడ్డిస్తారట. చెబుతూనే ఆయన బన్ను కోసి నిప్పుల మీద కాల్చాడు, వెల్లుల్లి రుద్దాడు, ఆ పూట అమ్మ కాచిన పులుసుని గిన్నెలోకి వంచి నా ముందు పెట్టాడు. మామిడికాయ ముక్కల వాసన వేడివేడిగా ముక్కుకి తగిలింది. గాలికి పంచె అంచు మెల్లగా లేచి పడుతోంది. నేను నిజంగానే ఎక్కడో దూరదేశంలో ఉన్నాను.

గిన్నెలో చెయ్యి పెట్టబోతే ఆపాడు. "ఆడ ఒక పద్ధతుంది. వండిన మనిషొచ్చి మనతో కూర్చుని, ముందు తను తినాల. అప్పటిదాకా ఎవురూ ముట్టుకోకూడదు" అన్నాడు.

నిన్నటినుంచీ సరిగ్గా తినలేదేమో, కడుపు కాలిపోతోంది. మొండితనం ఎటు పోయిందో, పరిగెత్తుకెళ్ళి అమ్మ కొంగు పట్టుకుని లాక్కొచ్చాను. అమ్మ పందిరి గుంజ దగ్గరే ఆగిపోయింది. మామ వరసైన వాళ్ళ ఎదుట కోడలు కూర్చోవడమే లేదు మా వైపు, ఇంక కలిసి తినడం ఎక్కడ! "మీ ముందర నేను కూచునేదేంది మామా" అంది. ఆయన నవ్వి, "ఇది ఫ్రాన్సమ్మా. ఈడ మామలూ కోడళ్ళూ లేరు" అన్నాడు.

అమ్మ పడవ అంచున ఒక పక్కకి తిరిగి కూర్చుంది. చిన్నతాత చేపల పళ్ళెం పట్టుకుని వంగి, ఏ ముక్క కావాలో చూపించమన్నాడు. అమ్మ చాలాసేపు చూసి, సిగ్గుపడుతూ తలకాయ ముక్క చూపించింది. కొంగు చాటు చేసుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా తింది. పులుసు వేడిగా ఉండగానే అమ్మ తినడం నేను చూసింది అదే మొదలు. తలకాయంటే తనకి ఇష్టమని కూడా అప్పుడే తెలిసింది. ఎప్పుడూ అది నాన్న కంచంలో పడేది, అమ్మకి కుండ అడుగు మిగిలేది. ఏడుపొచ్చింది నాకు. తప్పయిందని మాత్రం అనలేదు, ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాను. అమ్మ గిన్నె నిండా పోసి నా తల నిమిరింది.

పోయినేడాది నేను నిజం ఫ్రాన్సుకి వెళ్ళాను. మా ఎండుచేపల ఆడవాళ్ళ సంఘం తరఫున, చేపలు పట్టేవాళ్ళ సభకి. మాట సాయానికి పుదుచ్చేరి అమ్మాయి ఒకతె నాతో ఉంది. మార్సెయ్ అనే రేవు ఊళ్ళో సముద్రం కనిపించే ఒక హోటల్లో కూర్చున్నాం. ముందు ఉత్త పులుసొచ్చింది, ఎర్రగా, కుంకుమపువ్వు వాసనతో. వెల్లుల్లి, కరకరలాడే రొట్టె, తర్వాత పళ్ళెంలో చేపలు తెచ్చి చూపించడం, అన్నీ చిన్నతాత చెప్పినట్టే ఉన్నాయి. నేను పందిరి కిందే ఉన్నట్టు, పంచె అంచు ఎక్కడో కదులుతున్నట్టు అనిపించింది.

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "ఏమ్మా, నచ్చలేదా?" అంది ఆ అమ్మాయి. వండినావిడ ఇంకా రాలేదు గదా అన్నాను. ఆ పిల్ల వడ్డించే అతన్ని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. అలాంటి పద్ధతి ఈ హోటల్లోనే కాదు, ఈ దేశంలోనే ఎక్కడా లేదట.

ఆయన చెప్పినవన్నీ నిజమే. ఆ ఒక్కటీ మా అమ్మ కోసం కల్పించాడు. నాకు అరవై ఏళ్ళొచ్చాక తెలిసింది ఆ సంగతి. పులుసులోకి కన్నీళ్ళు కారుతుంటే ఆ పిల్ల కంగారుపడి ఘాటు ఎక్కువైందా అని అడిగింది.

అమ్మ లేదిప్పుడు, చిన్నతాత అంతకుముందే పోయాడు. మా ఇంట్లో మాత్రం పులుసు కాచిన రోజు, మనవడు కాచినా సరే, కాచినవాళ్ళు కూర్చుని తినందే ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తలకాయ కావాలా అని ముందు వాళ్ళనే అడుగుతాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేం పద్ధతని అడుగుతారు. ఫ్రాన్సు పద్ధతి అంటాను. అబద్ధమని తెలిశాక కూడా అదే అంటున్నాను.