నిజ్వాలో సాలిం గారి ఆరు గదుల హోటల్

పెద్ద హోటళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. యజమాని స్వయంగా తాళంచెవి చేతికిచ్చే చోటే నాకు నిద్ర పడుతుంది. తొంభైల మొదట్లో మస్కట్ వచ్చిన రెండేళ్లదాకా అజైబాలో మా ఆఫీసు, మత్రా బజారు తప్ప నేను ఒమాన్‌లో చూసిందేమీ లేదు. నిజ్వాలో అలాంటి హోటల్ ఒకటుందని ఆఫీసు డ్రైవర్ చెప్పగానే, ఒక చలికాలపు గురువారం బయల్దేరాను. అప్పట్లో మాకు గురు, శుక్రవారాలే సెలవులు.

పొద్దున ఏడింటికి రువీలో షేర్ టాక్సీ ఎక్కితే రెండు రియాళ్లు, రెండు గంటల ప్రయాణం. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, కొండలన్నీ అటే. సాలిం గారి హోటల్ ఖర్జూర తోటలో తాతల నాటి మట్టి మేడ. గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లోనే హాయిగా కూర్చోవచ్చు. గదికి ఎనిమిది రియాళ్లు, పొద్దుటి ఫలహారంతో కలిపి. నా జీతానికి బరువే, అయినా అరవై ఏళ్ల సాలిం గారు తనే దుప్పటి దులిపి పరుస్తుంటే ఆ బరువు మరిచిపోయాను. మత్రా వ్యాపారుల దగ్గర నేర్చుకున్న హిందీలో ఆయన తీరిగ్గా కబుర్లు చెప్పేవారు.

గురువారం పొద్దు వాలేదాకా నేనేమీ ముట్టను. ఆ సంగతి చెప్పడానికి వంటింట్లోకి వెళ్తే వంటమనిషి లింగన్న జగిత్యాల వాడని తెలిసింది. తెలుగు వినగానే గరిట పక్కన పెట్టేశాడు. వచ్చి మూడేళ్లట. వచ్చాక పుట్టిన కూతురిని ఇంతవరకూ చూడలేదు. మరి సెలవు అడగలేదా అన్నాను.

“రోజు సాయంత్రం అడుగుదామనే పోత సార్. ఆయన కాఫీ పోస్తడు, తాగి వస్త. పంపించి ఇంకోన్ని పెట్టుకుంటె నా గతేంది?”

నాలుగున్నరకి సాలిం గారు నన్ను ముందుగదిలో చాప మీద కూర్చోబెట్టి చిన్న కప్పులో కాఫీ పోశారు. లింగన్న ఖర్జూరాలు తెచ్చి నిలబడ్డాడు. వద్దంటే బాగుండదని కప్పు అందుకుని, ముట్టకుండా కింద పెట్టాను. సాలిం గారు వెంటనే తన కప్పు కూడా కింద పెట్టేశారు.

“మీకేదో కావాలి. చెప్పండి. మీరు తాగేదాకా నేనూ తాగను.”

అతిథి మొదటి కప్పు తాగకుండా కింద పెట్టాడంటే ఏదో కోరబోతున్నాడని వాళ్ల ఆచారమట. ఉపవాసమని ఒక్క మాట అంటే సరిపోయేది. లింగన్న వైపు చూశాను. నా మనసులో మాట పసిగట్టి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నాకు భయమేసింది. మాట బెడిసికొడితే పోయేది అతని ఉద్యోగం, నాది కాదు. అయినా ఆగలేకపోయాను. లింగన్నని కూతురి దగ్గరికి పంపమని, తిరిగి పనిలోకి రానివ్వమని అడిగేశాను.

సాలిం గారు లింగన్న వైపు తిరిగారు.

“మూడేళ్లు నా ఎదురుగా కప్పు ఖాళీ చేశావు. ఒక్కరోజైనా కింద పెట్టలేదేం? ఈ నెలలోనే వెళ్లు. నువ్వొచ్చేదాకా నీ పొయ్యి ఇంకెవరికీ ఇవ్వను.”

లింగన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. సాలిం గారు నా కప్పు వైపు చూశారు. పొద్దు వాలడానికి ఇంకా గంట టైముంది. నేను తాగితేగాని ఆ మాట ఖాయం కాదు. ఎత్తి తాగేశాను. పదేళ్లుగా తప్పని ఒక్కపొద్దు ఆ రోజు తప్పింది. ఇప్పటికీ దానికి నేను బాధపడను.

తర్వాత ఎన్నో ఊళ్లలో ఎన్నో హోటళ్లలో దిగాను. ఫిర్యాదులు రాసుకునే పుస్తకం ఉన్నవి చూశాను గానీ, నీకేం కావాలో చెప్పేదాకా నేనూ తాగనని కూర్చునే యజమాని మళ్లీ కనబడలేదు. వెళ్లేవాళ్లకి ఒక సలహా. శుక్రవారం పొద్దున్నే జరిగే మేకల సంత చూడాలంటే గురువారమే నిజ్వా చేరండి. ఇలాంటి చిన్న హోటల్లో దిగితే, ఫలహారంలో రొట్టె మాడి వచ్చినా ఏమీ అనకండి. మరుసటి నెల నేను వెళ్లినప్పుడు అలాంటిదే తిన్నాను, సాలిం గారు కాల్చింది. లింగన్న అప్పటికి జగిత్యాలలో ఉన్నాడు.