మునియక్క తోమిన సీసాలు

పదకొండేళ్లుగా మునియక్క పని గాజు సీసాలు తోమడం. ఇంటి దగ్గర వ్యాసర్పాడిలో బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి, ఎనిమిదింటికల్లా ఆ పరిశోధనాలయం తొట్టి ముందు నిలబడుతుంది. అక్కడ కనిపెట్టిందంతా ఆమె కడిగిన సీసాల్లోనే కనిపెట్టారు. వరండా గోడ మీద నలభై ఫోటోలున్నాయి. ఆమెది లేదు. కాంట్రాక్టు మనుషులను గోడకెక్కించే ఆచారం ఆ సంస్థలో లేదు, ఫ్యాను కింద కూర్చోబెట్టే ఆచారం కూడా లేదు.

ఈ కథ ఒక సీసా వెలగకూడని చోట వెలగడంతో మొదలైంది.

చూలై పేట నుంచి వచ్చే అమ్మాయి వర్షిణి ప్రొఫెసర్ శంకరనారాయణ దగ్గర డాక్టరేటు చేస్తోంది. ఆమె తయారు చేసిన మందు ఒక వేగు లాంటిది. కేన్సర్ గడ్డ అంచుల్లో ఒక ఎంజైము జోరుగా పనిచేస్తూ ప్రోటీన్లను కత్తిరిస్తూ ఉంటుంది. ఆ కత్తెర ఈ మందు మీద పడిందంటే ఊదారంగు దీపం కింద మందు నీలంగా వెలుగుతుంది. కత్తెర లేని చోట చీకటి. ఎక్కడిదాకా కోయాలో సర్జనుకు ఆ వెలుగే చూపిస్తుందని వాళ్ల ఆశ.

అయితే మూడు వారాలుగా ఉత్త నీళ్లలో మందు కలిపిన సీసా కూడా వెలుగుతోంది. కుళాయిలో వచ్చే మెట్రో నీళ్లకు కేన్సర్ వచ్చిందా అని పక్క బెంచీ వాళ్లు పరామర్శ మొదలుపెట్టారు. వర్షిణి నీళ్లు మార్చింది, మందు మళ్లీ చేసింది, దీపం మార్చింది. ప్రొఫెసర్ తన కళ్లద్దాలు కూడా మార్చుకున్నాడు. చివరికి అనుమానం అలవాటైన దారి పట్టి తొట్టి దగ్గరికి వచ్చింది.

కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజర్ భక్తవత్సలానికి ఇది పండగ. గ్లౌసులు ఏవి, ఈఎస్ఐ కార్డు ఏది అని అడిగే మనిషిని సాగనంపడానికి ఏడాదిగా దారి వెతుకుతున్నాడు. సీసాలు సరిగా కడగడం లేదు, సోమవారం నుంచి రావద్దు అని శుక్రవారం సాయంత్రం చెప్పేశాడు.

పని పోతుందన్న భయం మునియక్కకు ఉంది, ఇంట్లో వచ్చే జీతం అదొక్కటే. అంతకంటే ఎక్కువగా, తను తోమిన సీసాను మురికి అన్నందుకు మండిపోయింది. నేరుగా వర్షిణి దగ్గరికి పోయి, అసలు ఏం వెలుగుతోందో చెప్పమని నిలదీసింది. పదకొండేళ్లలో ఆమెకు ఎవరైనా పాఠం చెప్పడం అదే మొదలు.

"మాంసం ఉంది కదక్కా, అది దారాలు దారాలుగా ఉంటాదనుకో. ఎంజైము కత్తెర మాదిరి దాన్ని తుంచేస్తాది. నా మందులో కూడా అట్లాంటి చిన్న దారం పెట్టుండా. అది తెగితే లైట్ వస్తాది."

"అట్లయితే ముదురు మాంసం మెత్తగా ఉడికేదానికి మేము వేసేది కూడా ఈ కత్తెరేనా పాపా?"

అవునేమో అంది వర్షిణి. మునియక్క మొహం కడుక్కుని బస్సుకు పోయింది.

దారి పొడవునా ఆమెకు రెండు లెక్కలు తెగలేదు. తనకు తట్టింది చెబితే నేరం ఒప్పుకున్నట్టు, పని కచ్చితంగా పోతుంది. చెప్పకపోతే పనీ పోతుంది, ఆ పిల్ల చదువూ పోతుంది. ఎలాగూ పోయేదే అయితే నిజం చెప్పి పోవడం మేలనుకుంది.

శనివారం పొద్దున పరిశోధనాలయం గోడ పక్క చెట్టు నుంచి ఒక పచ్చి బొప్పాయి కోసి, పేపర్లో చుట్టి తెచ్చింది. ప్రొఫెసర్, వర్షిణి, భక్తవత్సలం చూస్తుండగా కాయకు గాటు పెట్టింది. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త సీసాలో ఆ కాయ పాలు ఒక్క బొట్టు వేసి, నీళ్లు, మందు కలపమంది. దీపం కింద పెడితే నీలంగా భగ్గుమంది. మూడు వారాలుగా సీసాలన్నీ ఈ కాయతోనే రుద్దుతున్నానని చెప్పింది.

"మా వీధిలైటు ఇట్ల ఎలిగితే ఎంత బాగుండు," అంది మునియక్క.

ప్రొఫెసర్ పొంగిపోయాడు. బొప్పాయి పాలలోని ఎంజైము, గడ్డలోని ఎంజైము ఒకే వంశం, దాయాదులని అందరికీ వివరించాడు. వర్షిణి మూడు వారాల్లో మొదటిసారి నవ్వింది. మందులో తప్పు లేదు, సీసాలో కత్తెర మిగిలిపోయింది. భక్తవత్సలం మాత్రం చూశారా సార్, తనే ఒప్పుకుంది అన్నాడు.

అప్పుడు ప్రొఫెసర్‌కు అడగాల్సిన ప్రశ్న తట్టింది. సీసాలకు బొప్పాయి ఎందుకు రుద్దావు?

"సోపు లేదు సార్. నెల దాటింది. అడిగితే వస్తాది వస్తాది అంటా ఉండాడు. మీరు కలిపే పాలపొడి, రక్తం ఎండి పట్టుకోనుంటే ఉత్త నీళ్లకి పోతాదా? ఆదివారం ఇంట్లో మాంసానికి పప్పాళికాయ వేస్తే ఎట్ల కరిగిపోతాదో, సీసాల్లో కూడా అట్లే పోయింది. సుద్దంగానే తోమినా సార్. కొంచెం ఎక్కువ సుద్దంగా తోమినా, అంతే."

అందరూ భక్తవత్సలం వైపు తిరిగారు. అతను గోడ మీది ఫోటోలను మొదటిసారి శ్రద్ధగా చూడసాగాడు.

సోమవారం ఎప్పటిలాగే పనికి రమ్మన్నాడు ప్రొఫెసర్. వస్తానంది మునియక్క. అయితే సోపూ గ్లౌసులూ వచ్చేదాకా ఒక్క సీసా ముట్టనని చెప్పింది. సోమవారం ఆమె వచ్చింది కూడా. తొట్టి పక్కన, సరిగ్గా ఫ్యాను కింద, స్టూలు వేసుకుని కూర్చుంది. పదింటికి మురికి సీసాలతో తొట్టి నిండింది. పదకొండింటికి ఏడుగురు పరిశోధకులు ఖాళీ చేతులతో వరండాలో నిలబడ్డారు. పన్నెండుకు శాస్త్రం పూర్తిగా ఆగిపోయింది. ఎవరో ఒక అమ్మాయి టీ గ్లాసులో ప్రయోగం మొదలుపెట్టబోతే ప్రొఫెసర్ పట్టుకున్నాడు. భక్తవత్సలాన్ని వెంటనే జార్జి టౌన్ బజారుకు తరిమాడు.

మూడింటికి అతను చెమటలు కక్కుతూ రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. సోపు వాసన చూసి మునియక్క తలూపింది. ఒక గ్లౌసులో చెయ్యి పెట్టి పైకెత్తి చూపించింది. వేళ్ల చివరలు ఖాళీగా వేలాడాయి.

"ఇది నీ సైజు సార్," అంది. "నా సైజు తీసుకోని రా."

భక్తవత్సలం ప్రొఫెసర్ వైపు చూశాడు. ప్రొఫెసర్ గడియారం వైపు చూశాడు. కాసేపటికి సూపర్‌వైజర్ మళ్లీ జార్జి టౌన్ బస్సెక్కాడు. మునియక్క స్టూలు మీద కాళ్లు చాపుకుని, ఇంతకీ గడ్డ ఎంతదాకా వెలుగుతాదో తీరిగ్గా చెప్పమని వర్షిణిని పిలిచింది.