నాన్న బిగించిన నట్టు

నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో అంటారు. ఆ లారీ సంగతి ఎత్తితే మాత్రం అది ఇప్పటికీ నిజమే.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి, ముందుగానే విరమణ తీసుకుని, వచ్చిన డబ్బుతో పాత లారీ కొన్నాడు. జాముల్ ఫ్యాక్టరీ నుంచి సిమెంటు తోలడానికి నేను డ్రైవర్ని. రిపేర్లన్నీ ఆయనవే. ఫిట్టరు ఇంటి బండి మెకానిక్ దగ్గరికి పోతే మేముండే సెక్టర్ 7లో తలెత్తుకుని తిరగలేడట. ఆయన పరువు కోసం నా ప్రాణం తాకట్టు.

ఒకసారి ముందు చక్రం బేరింగు మార్చాల్సి వచ్చింది. జాముల్ రోడ్డులో తెలిసిన మెకానిక్ ఉన్నాడు, అక్కడికి తీసుకెళ్దామన్నాను.

"నాను రోలింగ్ మిల్లు బేరింగులు ఎక్కించినోణ్ని. ఈ గుప్పెడు బేరింగుకి ఇంకోడి సెయ్యెందుకురా?" అన్నాడు.

"మిల్లు వేరు, లారీ వేరు నాన్నా. నట్టు బిగించేక కొంచెం వెనక్కి తిప్పాలంట. మెకానిక్ భయ్యా సెప్పాడు."

"ఒదులు ఒగ్గీడమేటి? ప్లాంటులో నట్టు ఒదులైతే మనిషి పోతాడు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. స్పానరుకు ఇనప గొట్టం తగిలించి, తన బరువంతా వేసి బిగించాడు. తర్వాత బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నేను ఆమెన్ అని బండెక్కాను. తప్పని తెలిసీ ఎక్కిన నన్ను చెప్పుతో కొట్టాలి.

లోడుతో తిరిగి వస్తుంటే గ్రీజు మాడిన వాసన వచ్చింది. అంతలోనే స్టీరింగు ఎడమకు లాగేసింది. చక్రం పట్టేసి, బండి రోడ్డు దిగి, సైకిల్ మీద పోతున్న ఒక కూలీకి జానెడు దూరంలో ఆగింది. అతను సైకిల్ వదిలేసి పొలంలోకి దూకాడు. అటుగా పోతున్న ఇంకో లారీ డ్రైవరుతో మెకానిక్‌కీ ఇంటికీ కబురు పంపాను.

కబురు అంది మెకానిక్ వచ్చాడు, వెనకే స్కూటర్ మీద నాన్న. చక్రం ఊడదీస్తే బేరింగు మాడి నీలంగా మారి ఉంది.

"ఇత్నా నహీఁ కస్తే, బాబూజీ," అన్నాడు మెకానిక్ మెల్లగా. ఇంతలా బిగించకూడదని.

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బేరింగే నాసిరకం," అన్నాడు.

నాకేమైనా దెబ్బ తగిలిందా అని అడగలేదు. ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఇకమీదట నా బండి ముట్టుకోవద్దన్నాను. నా బండట! ఆయన ముప్పై ఏళ్ల చాకిరీ అది.

 మెకానిక్ కొత్త బేరింగు ఎక్కిస్తుంటే నాన్న పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. నట్టు దగ్గరికి వచ్చేసరికి, "కిత్నా పీఛే, బేటా?" అని అడిగాడు. ఎంత వెనక్కి తిప్పాలో చెప్పమని, కొడుకు వయసువాణ్ని, నలుగురి ముందు అడిగాడు.

అప్పుడైనా నేను నోరు మూసుకోవాల్సింది.

"నీకెందుకది? అతను సేసుకుంటాడులే," అన్నాను.

నాన్న లేచి స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. తర్వాత ఆ లారీ ఎన్నిసార్లు ఆగిపోయినా, ఏమైందని కూడా అడగలేదు.