తొడిమ ఉన్న కాయ

అరవైల మొదట్లో మామిడి కోతలప్పుడు రెడ్డిగూడెం దగ్గరున్న మా మామయ్యగారి తోటకు నేను కాపలా. కాలేజీలో ఫిలాసఫీ చదువుతున్నానన్న పొగరు నెత్తికెక్కిన రోజులు. తప్పొప్పులు మనుషులు పెట్టుకున్నవా, వాటంతటవే ఉన్నవా అని కనబడ్డవాళ్లందరితో వాదించేవాణ్ణి. వినలేకే మామయ్య నన్ను తోటకు తోలారేమో.

తోటలో మాత్రం ఆ వాదనే లేదు. రాలిన కాయ కూలీలది, కోసిన కాయ తోటవాళ్లది. తనంతట రాలినదానికి తొడిమ ఊడిపోతుంది, చెట్టున కోసినదానికి బెత్తెడు తొడిమ ఉంటుంది. ఈ సంగతి ఎవరూ ఎక్కడా రాయలేదు, అందరూ పాటించేవారు.

ఒక సాయంత్రం ఇళ్లకు వెళ్తున్న కూలీల బుట్టలు చూస్తుంటే, వాళ్లలో పెద్దావిడ బుట్టలో తొడిమతో ఉన్న పెద్ద రసం మామిడికాయ ఒకటి దొరికింది. కింద పడి ఉంటే తీసుకున్నానంది. రూలు ఎవరికైనా రూలేనని అందరి ముందూ ఉపన్యాసం దంచాను. ఆ ఏడు మళ్లీ తోటలో అడుగు పెట్టొద్దన్నాను. ఆవిడ నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున మా అక్క కోసం నాలుగు కాయలు కోశాను. ఒకటి చెయ్యి జారి గడ్డిలో పడితే, వంగడానికి బద్ధకించి వదిలేశాను. నేను ఒక్క మాట అంటే ఆవిడ పనీ పరువూ నిలిచేవి. అంత ఉపన్యాసం ఇచ్చి కూలీల ముందు తప్పు ఒప్పుకోవడానికి నోరు పెగల్లేదు. ఆవిడ బుట్ట అక్కడే బోర్లించి, తన కాయలు కూడా వదిలేసి వెళ్లిపోయింది. ఛీ, ఇప్పటికీ అప్పటి నన్ను తలుచుకుంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఆ వేసవంతా ఆవిణ్ణి ఏ తోటవాళ్లూ పనికి పిలవలేదు. దొంగ అన్న పేరు మైలవరం దాకా పాకింది. తప్పు రూలుదా, దాన్ని నడిపిన మనిషిదా అని నాలో నేను తెగ తర్కించుకునేవాణ్ణి. అదంతా తప్పించుకునే వేషమే. నాకు తెలుసు, తెలిసే ఊరుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత ఆవిడ ఇంటి గుమ్మం ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ పొయ్యిలోకి పుల్లలు విరవడం ఆపలేదు.

"తెలుసండి. మీరు కాయలు కోస్తుంటే అవతలి చెట్టు కింద నేనే ఉన్నాను."

మరి ఆ రోజే అందరి ముందూ ఎందుకు అనలేదని అడిగాను.

"మీరే చెప్తారని చూశానండి," అంది.