కుడి పక్క కనబడని జీపు

మా ఎదురు క్వార్టర్ తాత మొన్న పొద్దున్న పోయాడు. కిరండూల్లో మన తెలుగోళ్ళందరికీ ఈపాటికి కబురు అందీసుంటాది. టీ పట్టుకెళ్తే లేవలేదంట. కోడలు మా తలుపు కొట్టి "ఒరే, మీ తాత పలకట్లేదురా" అన్నాది. మీ తాత అన్నాది. నిజానికి ఆయన నాకు ఏమీ అవ్వడు. మేం చర్చికెళ్తాం, ఆయనకి సింహాచలం అప్పన్నంటే ప్రాణం. అయినా వాళ్ళింట్లో అందరూ నాతోటి మీ తాత అనే అంటారు.

నిన్న అందరూ కూకుని ఆయన గురించి తలో మాటా చెప్పుకున్నారు. నన్నూ అడిగారు. నలుగురిలో నాకు నోరు పెగల్దని తెలుసు కదా. అందుకే ఇలగ ఫోన్లో కొడతన్నాను. అక్షరాల తప్పులుంటే సర్దుకుని చదివీయండి.

తాతని తెలీనోళ్ళకి చెప్తన్నాను. పైన కొండ మీద మైన్స్‌లో డంపర్ నడిపాడు ఆయన. ఇనప రాయి మోసే బండి అది, దాని టైరే మనిషి కంటే ఎత్తుంటాది. బొబ్బిలి వైపు నించి కుర్రోడిగా ఈ ఛత్తీస్‌గఢ్ కొండలకి వచ్చి రిటైరయ్యేదాకా ఆ బండే నడిపాడు. ఆ అలవాటు ఎంతకీ పోలేదు. డంపర్ ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవాలంట. తాత దేని చుట్టైనా తిరిగీవాడు. మా నాన్న సైకిల్ అడిగి తీసుకున్నా దాని చుట్టూ తిరిగి, టైర్లు నొక్కి, అప్పుడు ఎక్కీవాడు. "మార్కెట్‌కే కదా మావా ఎల్తన్నావు, విశాఖపట్నం కాదు కదా" అని నాన్న నవ్వీవాడు.

ఎనిమిదో తరగతి తరవాత నేను బడికెళ్ళలేదు. ఇంట్లో ప్లాస్టిక్ బ్లాకులు పెట్టుకుని కూకునీవాణ్ణి. నాన్న రైల్వేలో లైన్ మీద పని. విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా పాత సామాన్ల బజార్లో కలగాపులగంగా అమ్మీ బ్లాకులు సంచిలో పోసి తెచ్చీవాడు. ఇళ్ళు, రైళ్ళు కట్టడం నాకు నచ్చదు. బండ్లే కట్టీవాణ్ణి. నిజం బండిలాగే ఉండాలి, అదీ నా పట్టు.

ఓ రోజు వరండాలో జీపు కట్టి పెట్టాను. తాత వచ్చి ఆ అరచేతంత జీపు చుట్టూ కూడా తిరిగాడు. అప్పుడు గొంతుకూకుని ఒక కన్ను మూసుకున్నాడు.

"ఇదేట్రా?"

"జీపు తాతా."

"జీపే. బాగుంది. నడిపీవోడేడీ?"

బ్లాకుల్లో వచ్చే బొమ్మ మనిషిని తీసి సీట్లో పెట్టాను.

"మరీడికి ఏటి కనబడతాది?"

నాకర్థం కాలేదు.

"ఈడి ముక్కు ముందర గోడ కట్టీసినావు కదరా. ఈడికి బోనెట్టు తప్ప రోడ్డెక్కడ కనబడతాది? గేటు దాటకముందే ఎవుడి దూడనో గుద్దీస్తాడు."

అప్పటిదాకా నేను బండిని బయట నించే చూసీవాణ్ణి. బొమ్మలు కట్టీవోళ్ళందరూ అలగే చూస్తారు. లోపల ఒకడు కూకున్నాడని, ఆడు బయటికి చూడాలని నాకు తట్టనే లేదు. జీపు విప్పి మళ్ళీ కట్టాను. బోనెట్ మీద, బ్లాకుకి బ్లాకు బిగిసీ బొడిపెలు కనబడకుండా బ్లాకుల్ని పక్కకి తిప్పి బిగించాను. నున్నటి వైపు పైకొచ్చింది, ఎత్తూ తగ్గింది. తాతకి చూపించాను.

"దూడ బతికింది. మేక సచ్చిపోద్ది" అన్నాడు.

మళ్ళీ విప్పాను. బ్లాకుల్లో పల్చవి ఉంటాయి, మూడు పేరిస్తే ఒక మామూలు బ్లాకు ఎత్తొస్తాది. వాటితో బోనెట్టు ముందుకి వాలేటట్టు చేశాను. అద్దం పక్క స్తంభాలు సన్నం చేశాను.

"మేక బతికింది. కోడిపెట్ట మాట ఏటి?"

కోడిపెట్ట బతకడానికి వానాకాలం అంతా పట్టింది. ఆ రోజు తాత జీపుని చేతిలో పెట్టుకుని ఇంటికెళ్ళి కోడలికి చూపించుకొచ్చాడు. మా తాత పొగిడితే అలగే ఉంటాది.

ఆయన దగ్గర రెండు మాటలుండీవి. "చక్రానికి తగ్గ బండి కట్టు, బండికి తగ్గ చక్రం దొరకదు" అనీవాడు. బ్లాకుల్లో ఏదైనా కట్టొచ్చు, టైరు మాత్రం దొరికిందే వాడాలి. అందుకే ముందు టైరు తీసి, అది ఎంతుందో దాన్ని బట్టి మిగతా అంతా కొలుచుకునీవాణ్ణి. ఇంకో మాట రంగు గురించి. డంపర్ పసుపు. నా దగ్గర పసుపు బ్లాకులు సరిపడా లేవు, వెనక డబ్బా ఆకుపచ్చతో కట్టీసి సిగ్గుపడ్డాను. తాత దాన్ని పట్టించుకోలేదు. "రంగు అబద్ధమాడినా పర్లేదురా. కొలత అబద్ధమాడకూడదు" అన్నాడు.

కానీ ఆ డంపర్ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎందుకంటే డ్రైవర్ గదిని కుడి పక్క పెట్టాను. జీపుకీ లారీకీ స్టీరింగ్ కుడి పక్కే కదా మరి.

"ఇది మన రోడ్డు బండి కాదురా గుంటడా. ఎడమ పక్క కూకుంటాం. పద, పూజకి నిన్ను పైకి తీసుకెళ్తాను."

విశ్వకర్మ పూజ రోజు మైన్స్ గేటు అందరికీ తెరుస్తారు. పిల్లా పెద్దా అందరూ కొండెక్కి బండ్లు చూసొస్తారు. నేను ఫోన్ తీస్తే తాత నా చెయ్యి దించీసాడు. "ఫోటో తీస్తే ఫోన్ సూస్తాది, నువ్వు సూడవు" అన్నాడు. బంతిపూల దండలేసిన డంపర్ పక్కన నన్ను నిలబెట్టి, టైరు బోల్టు నా గెడ్డం దగ్గరకొచ్చిందా, ముక్కు దగ్గరకొచ్చిందా అని అడిగాడు. ఇంటికొచ్చి నా ఒంటి కొలతల్తోనే డంపర్ మళ్ళీ కట్టాను. ఈసారి గది ఎడమ పక్కే. ఆ బండి చూడ్డానికి పక్క కాలనీ నించి కూడా పిల్లలొచ్చారు.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. తాత గురించి చెప్తూ అది చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే.

అక్క డంపర్ ఆపరేటర్ పనికి ట్రైనింగ్ తీసుకుంది. నాన్నకి ఇష్టం లేదు. పైన టెస్ట్ పెట్టారు. రివర్స్ బాగా చేసిందంట, మలుపులు బాగా తిప్పిందంట. చివర్న ఆగిన బండిని ముందుకి కదిలించబోతే హారన్లు కొట్టి ఆపీసారు. కుడి పక్కన ఒక జీపు నిలబడుంది. అక్కకి కనబడలేదు. ఇంకొక్కసారి పిలుస్తాం, అప్పుడూ ఇలగే అయితే మరి రావక్కర్లేదు అన్నారు.

ఇంటికొచ్చి అన్నం తినలేదు అక్క.

"ఇంక చాల్లే, కుట్టు మిషన్ కొనిస్తాను" అన్నాడు నాన్న.

తాత గడపలో నిలబడున్నాడు. "కొను. నీ చొక్కాలు నువ్వే కుట్టుకో" అన్నాడు. "డంపర్‌కి ఆడా మగా తెల్దురా. బ్రేకు మీద కాలుందా లేదా, అదే తెలుసు దానికి. నా బండి కుడి పక్కన కూడా ఓ రోజు జీపు నిలబడింది. నాకూ కనబడలేదు. కిందోడు అరిచాడు కాబట్టి ఇలగ ఉన్నాను."

అప్పుడు నాతోటి "నీ బండ్లు రెండూ తే" అన్నాడు.

డంపర్ సీటు ఎడమ పక్క, ఎత్తు మీద ఉంటాది. కుడి పక్కంతా ఇంజన్ మీద పెద్ద రేకు అడ్డం. అద్దాలున్నా ఆ రేకు కింద కొంత చోటు ఎవరికీ కనబడదు. మైన్స్ జీపులకి పొడుగు కర్ర కట్టి జెండా పెట్టీది అందుకే. నా జీపుకి నేను పెట్టిన జెండాని తాత పీకీసాడు. "జెండా ఊడిపోయిన రోజు కోసం నేర్చుకో" అన్నాడు.

అక్కని వరండాలో బోర్లా పడుకోమన్నాడు. డంపర్ గది వెనక గోడ నాచేత తీయించాడు. అక్క గచ్చు మీద చెంప ఆనించి, ఆ కన్నం లోంచి ఒక కంటితో చూస్తంది. తాత జీపుని జరుపుతున్నాడు.

"కనబడతందా?"

"కనబడతంది."

"ఇక్కడ?"

"కనబడతంది తాతా."

"ఇక్కడ?"

"పైకప్పు కనబడతంది."

తాత జీపు వదిలీసి నా వైపు తిరిగాడు. "నీ బండి అబద్ధమాడతందిరా."

నాకు మొహం మాడిపోయింది. అన్నీ చూసుకుని కట్టిన బండి అది. తాత వేలు పెట్టి చూపించాడు. టోపీ పెట్టిన బొమ్మ మనిషి పట్టట్లేదని కట్టినప్పుడు గదిని ఒక్క పల్చ పీసు పైకి లేపాను. అంత చిన్న తేడాకి కనబడకూడని జీపు కనబడతంది.

"ఒక్క పల్చ పీసే కదా తాతా" అన్నాది అక్క, నా మొహం చూసి.

"ఇక్కడ పల్చ పీసే. పైన అది జీపు. జీపులో మనుసులుంటారు." తాత గొంతు పెద్దది చెయ్యలేదు. "అందంగా ఉంది. అందుకే మరీ బయం. దీన్ని నమ్ముకుని నువ్వు పైకెళ్తే, కనబడతాదిలే అనుకుంటావు."

మొత్తం విప్పాను. గది ఊరికే దించితే రేకు అడ్డొస్తంది, రేకు దించితే టైరుకి తగుల్తంది. టైరు మార్చలేం. చివరికి బొమ్మ మనిషి టోపీ తీసి పక్కన పడీసి, సీటు బొడిపెలు లేని నున్నటి పీసు మీద పెట్టి, గది గోడలు పక్కకి తిప్పి కట్టాను. చూడ్డానికి ముందటి దానంత బాగులేదు. పక్క కాలనీ పిల్లలు మొదటిదే బాగుందన్నారు. తాత దాన్ని గచ్చు మీద పెట్టి అక్కని మళ్ళీ పడుకోమన్నాడు.

"కనబడతందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు తాతా. అసలెక్కడుంది?"

"నీ ఎదురుగానే. కదిలించకు."

టెస్ట్ పిలుపు వచ్చేదాకా రోజూ అదే పని. తాత జీపుని తిప్పీవాడు. కనబడే చోట నించి కనబడని చోటుకి తీసుకెళ్ళీవాడు. అక్క కన్ను తియ్యకుండా అదెక్కడుందో చెప్పాలి. "వచ్చిన జీపు ఎల్లిపోవడం నువ్వు సూడకపోతే, అది ఎల్లలేదు" అనీవాడు. మొదట్లో అక్క తప్పు చెప్పీది. తరవాత చూడకుండానే చెప్పీసీది. నాన్న పేపర్ చదువుతున్నట్టు కూకుని, ఆయనా లోపల్లోపల చెప్తుండీవాడు. ఓసారి పైకే అనీసాడు, "కుడి పక్క, ముందు టైరు దగ్గర!"

"నీకూ టెస్ట్ పెట్టించమంటావా అల్లుడా?" అన్నాడు తాత.

రెండోసారి టెస్ట్‌లో జరిగింది అక్క ఇంటికొచ్చి చెప్పింది. బండి ఆగుంది. ఒక జీపు ఎదురుగా వచ్చి కుడి పక్కకి మళ్ళింది. తరవాత కనబడలేదు. టెస్ట్ పెట్టే సార్ పక్క సీట్లో కూకుని "చలో, ఆగే బఢో", పద, ముందుకి పోనీ అన్నాడంట. అక్క కదిలించలేదు. ఆయన మళ్ళీ అన్నాడంట, కోపంగా.

"పహ్‌లే జీప్ హటాయియే సర్", ముందు జీపు తీయించండి అన్నాదంట అక్క.

"కౌన్‌సీ జీప్? దిఖ్ రహీ హై క్యా?" ఏ జీపు, కనబడతందా అని ఆయన.

"దిఖ్ నహీ రహీ. ఇసీలియే." కనబడట్లేదు, అందుకే అన్నాదంట.

అప్పుడాయన వాకీటాకీలో చెప్తే రేకు కింద నించి జీపు బయటికొచ్చింది. జెండా తీసీసి పెట్టారంట, కావాలనే.

అక్క పాసయ్యింది. ఇప్పుడు షిఫ్ట్‌లకి వెళ్తంది. నాన్న ఆ సంగతి ట్రైన్లో తెలీనోళ్ళకి కూడా చెప్తాడు.

పోయిన విశ్వకర్మ పూజకి తాతని మేం తీసుకెళ్ళాం. మోకాళ్ళు సహకరించకపోయినా అక్క చెయ్యి పట్టుకుని నిచ్చెన మెట్లెక్కాడు. ఇద్దరూ గదిలో కూకున్నారు, అక్క తన సీట్లో, తాత పక్క సీట్లో. నన్ను కింద కుడి పక్కన, ముందు టైరు దగ్గర నిలబడమన్నాడు. నిలబడ్డాను. అక్కడ నించి నాకు టైరు, రేకు, దండలోంచి రాలిన బంతి రేకలు తప్ప ఏమీ కనబడలేదు. వాళ్ళకీ నేను కనబడను.

హారన్ రెండుసార్లు మోగింది. మైన్స్‌లో రెండు హారన్లంటే ముందుకి కదుల్తన్నాను, తప్పుకోమని. ఇంజన్ ఆపీసే ఉంది, టైర్ల కింద దిమ్మలేసున్నాయి. బండి ఎక్కడికీ వెళ్ళదని నాకు తెలుసు. అయినా తప్పుకున్నాను. వెనక్కి నడుచుకుంటూ, ఎర్ర మట్టిలో చాలా దూరం వచ్చి తలెత్తాను. అప్పుడు గది ముందద్దంలోంచి ఇద్దరూ కనబడ్డారు. తాత నోట్లో పళ్ళు లేవు. నన్ను చూసి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.