కంట్లో పోసిన ఉగ్గుగిన్నె పాలు

నిన్న అటక సర్దుతుంటే ఇత్తడి ఉగ్గుగిన్నె దొరికింది. పసిపిల్లలకు పాలు పట్టే, ముక్కున్న చిన్న గిన్నె. మీ ఇళ్లలోనూ ఉండేది కదా? దాన్ని చూస్తే నాకు కన్ను మండుతుంది.

చిన్నప్పుడు మొగుడంపల్లిలో చెరుకాకు నా కంటికి కోసుకుంది. పక్కింటి బాలింత అత్త ఆ గిన్నెలోకి పాలు పిండి ఇస్తే అమ్మ నా కంట్లో పోసింది. అప్పట్లో అందరిదీ అదే వైద్యం. తెల్లారేసరికి రెప్ప తెరుచుకోలేదు. జహీరాబాద్ దవాఖానలో డాక్టరు అడిగాడు.

"కంట్ల ఏమన్న పోసిన్రా?"

"ఏం పొయ్యలె సారూ" అంది అమ్మ, తల దించుకుని. నాకు అమ్మను చూసి సిగ్గేసింది. చదువు లేక అట్లా అందని చాలా ఏళ్లు అనుకున్నాను.

పోయిన వారం, రబ్బరు బ్యాండుతో ఎవరో కొట్టిన కాగితపు ఉండ మా పాప కంటికి తగిలింది. పిల్లలకు సైన్సు చెప్పే నేను, ఫ్రిజ్‌లో ఎప్పటివో మిగిలిన కంటి చుక్కలు వేశాను. ఎరుపు పెరిగాక దవాఖానకు పరుగెత్తాను.

"ఏమన్న చుక్కలు ఏసిన్రా?" అంది డాక్టరమ్మ.

"లేదు మేడం."

పాప రెండో కంటితో నన్నే చూసింది. "అమ్మ ఏసింది మేడం, ఫ్రిజ్‌ల సీసా" అంది మెల్లగా.

"దెబ్బ తాకిన కంట్ల ఏం వెయ్యొద్దమ్మా, నలపొద్దు. సీదా తీస్కరావాలె. అడిగితే జర నిజం చెప్పాలె."

నేను తల ఎత్తలేదు. ఆ రోజు అమ్మ పక్కన నేను నోరు మెదపలేదు, నా ఆ కన్ను ఇప్పటికీ మసకే. పాప కంటిని కాపాడింది నేను కాదు, దాని నోరే.